సుమో ఎక్కినవాళ్లు, గడప తొక్కినవాళ్లు

జేమ్స్‌బాండ్ అభిమానులు నలుగురు చేరితే దర్శకుల మీద వాదన తప్పదు. 1962లో తొలి సినిమా తీసిన టెరెన్స్ యంగ్ గొప్పా, నాలుగు తీసిన గై హామిల్టన్ గొప్పా, 1981 నుంచి 1989 దాకా వరసబెట్టి అయిదు తీసిన జాన్ గ్లెన్‌ను ఏ లెక్కలో వేయాలి అని. పాత్ర అదే, హంగులూ అవే కాబట్టి దర్శకుడి చేయి ఎక్కడ పడిందో అక్కడ తేలిగ్గా కనిపిస్తుంది. తెలుగులో అంత పొడుగు గూఢచారి వరస లేదు. 1966లో కృష్ణ ‘గూఢచారి 116’, 2018లో అడివి శేష్ ‘గూఢచారి’, మధ్యలో అక్కడొకటి ఇక్కడొకటి. అయితే మూస మారకుండా దర్శకులు మాత్రమే మారుతూ పాతికేళ్లు నడిచిన వరస మనకూ ఒకటుంది. అది సీమ ఫ్యాక్షన్ సినిమా. అందులో హీరో కూడా మారుపేరుతో, మారువేషంతో బతికే మనిషే. కాకపోతే బాండ్ కనబడగానే పేరు చెప్పేస్తాడు, మనవాడు ఇంటర్వెల్ దాకా నోరు విప్పడు.

ఆ నోరు ఎప్పుడు విప్పించాలో బి. గోపాల్‌కు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. 1995లో సురేశ్ కృష్ణ ‘బాషా’లో ఆటోడ్రైవర్ వెనక దాచిన గతాన్ని, 1999 సంక్రాంతికి ‘సమరసింహారెడ్డి’లో పనివాడి వెనక దాచారు గోపాల్. విజయేంద్రప్రసాద్ కథ, పరుచూరి సోదరుల మాటలు. 2001లో ‘నరసింహనాయుడు’ డ్యాన్సు మాస్టారు, 2002లో ‘ఇంద్ర’ కాశీలో ట్యాక్సీ నడిపేవాడు. మూడింట్లోనూ అవమానాన్ని ఎంతసేపు సాగదీస్తే హాల్లో కుర్చీలు కదులుతాయో కొలిచి పెట్టినట్టుంటుంది. ఇది చిన్న పని కాదు. తర్వాత అనుకరించిన వాళ్లంతా కొడవలిని పట్టుకున్నారు గానీ ఈ కొలతను పట్టుకోలేకపోయారు.

గోపాల్ మీద నా ఫిర్యాదు వేరే. ఆయన సీమను ఫ్లాష్‌బ్యాక్ చేశారు. వర్తమానమంతా వేరే ఊళ్లో నడుస్తుంది. సీమ మాత్రం హీరో వదిలేసి వచ్చిన చోటు, గుర్తు చేసుకుంటే రక్తం కనపడే చోటు. ‘ఇంద్ర’లో నీళ్ల ప్రస్తావన ఉంది. సీమకు నీళ్ల కోసమే హీరో అన్నీ వదులుకుని కాశీకి పోతాడు. కానీ ఆ నీళ్లు పారాల్సిన చేను ఎట్లుంటుందో ఒక్క నిమిషమన్నా చూపించరు. బుడ్డల చేను లేదు, ఎండిన బోరు లేదు, కేసీ కాలువ గట్టు లేదు. నీళ్లు త్యాగానికి ఒక సాకు, అంతే.

వి.వి. వినాయక్ గురించి ఎక్కువ చెప్పేది లేదు. 2002లోనే ‘ఆది’, ‘చెన్నకేశవరెడ్డి’ రెండూ ఇచ్చారు. గోపాల్ సాగదీసిన చోట ఆయన పరిగెత్తించారు. సుమోలు గాల్లోకి లేచింది ఆయన చేతిలోనే. కర్నూలు వాళ్లమని చెబితే బయటి ఊళ్లలో ఇప్పటికీ మొదట అడిగేది వాటి గురించే.

‘సమరసింహారెడ్డి’కి ముందు ఏడాదే కృష్ణవంశీ ‘అంతఃపురం’ తీశారు. రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే ఒకే నేల మీద తీసినవంటే నమ్మడం కష్టం. కృష్ణవంశీ కథను మగవాడి గతం నుంచి తప్పించి ఇంటి కోడలి వర్తమానంలో పెట్టారు. మారిషస్‌లో పెరిగిన భానుమతి మొగుడి వెంట అత్తగారింటికి వస్తుంది. ఆ ఇల్లు ఎట్లాంటిదో ఆమెతో పాటే మనకూ ఒక్కొక్క గదిగా తెలుస్తుంది. మొగుడు చచ్చిపోయాక బిడ్డను తీసుకుని బయటపడాలి. మనవణ్ణి కక్ష మోసే వారసుడిగా పెంచాలన్నది మామ పట్టుదల. గోపాల్ సినిమాల్లో పెద్దింటి వాకిలి హీరో నడిచి రావడానికి తెరుచుకుంటుంది. ఇక్కడ ఆ వాకిలి ఒక ఆడమనిషి దాటి పోకుండా మూసుకుంటుంది. సౌందర్య అన్ని సినిమాల్లోకీ నాకు ఎక్కువ గుర్తుండేది ఇందులోనే. మామ నరసింహగా ప్రకాశ్‌రాజ్‌కు జాతీయ అవార్డుల్లో ప్రత్యేక ప్రస్తావన దక్కింది. దక్కాల్సిందే. ఆ పాత్రలో క్రూరత్వం కంటే అలవాటు భయపెడుతుంది. పొద్దున లేచి చద్ది తిన్నంత మామూలుగా చంపడం గురించి మాట్లాడతాడు. లోపం లేదా అంటే ఉంది. సీమ బయటి నుంచి చూసేవాళ్లకు అది తప్పించుకోవాల్సిన చోటుగానే మిగిలిపోతుంది. కానీ ఫ్యాక్షన్ బరువు ఎవరి నెత్తిన పడుతుందో ఈ వరసలో మొదట పట్టుకున్నది కృష్ణవంశీయే.

మాట విషయం వేరే చెప్పుకోవాలి. ఈ సినిమాల్లో సీమ యాస ఏ దర్శకుడూ తెచ్చింది కాదు, ఒక నటుడు తెచ్చింది. సిరివెళ్ల వైపు నుంచి వచ్చిన జయప్రకాశ్‌రెడ్డి పంతులుగా పనిచేసిన మనిషి. 1997లో జయంత్ సి. పరాన్జీ ‘ప్రేమించుకుందాం రా’ తీసినప్పుడు ఆయన నోటి నుంచి కర్నూలు మాట కర్నూలు మాటలాగే వచ్చింది. చిక్కేమంటే ఆ తర్వాత ఇరవై ఏళ్లు ఆ యాస విలన్ సొత్తయిపోయింది. పక్కనే హీరో పుస్తకాల తెలుగులో గర్జిస్తుంటాడు. ఒకే ఊళ్లో పుట్టిన ఇద్దరికి రెండు భాషలెందుకో అడిగిన దర్శకుడు లేడు.

ఊరిని ఊరుగా చూసినవాడు గుణశేఖర్. 2003లో ‘ఒక్కడు’లో కబడ్డీ ఆడటానికి కర్నూలుకు వచ్చిన కుర్రాడు కొండారెడ్డి బురుజు దగ్గర, పట్టపగలు, జనం మధ్యలో విలన్ ఓబుల్‌రెడ్డి మీద చేయి చేసుకుంటాడు. విజయనగర కాలం నాటి ఆ కట్టడం, చుట్టూ బజారు, ఆగిపోయిన జనం. బెదిరించేవాడి పరువు ఊరి నడిబొడ్డున పోవడం ఎంత పెద్ద సంగతో ఆ చోటే చెప్పేస్తుంది. 2020లో ‘సరిలేరు నీకెవ్వరు’ కోసం అదే బురుజును రామోజీ ఫిల్మ్ సిటీలో సెట్టు వేశారు. సెట్టు బాగానే కుదిరింది, గుణశేఖర్ సన్నివేశంలో ఉన్న ఊరు మాత్రం రాలేదు.

2010 ఒక విచిత్రమైన ఏడాది. రామ్‌గోపాల్ వర్మ ‘రక్తచరిత్ర’ రెండు భాగాలతో అనంతపురం కక్షల్లోకి నేరుగా దిగారు. నిజం చెప్తున్నానన్న ఆయన ఉత్సాహంలో నాకు కనబడింది ఎక్కువగా గాయాల మీద మోజు. అదే ఏడాది రాజమౌళి ‘మర్యాద రామన్న’లో అమెరికాలో బస్టర్ కీటన్ 1923లో తీసిన ‘అవర్ హాస్పిటాలిటీ’ నుంచి ఒక ఊహ తెచ్చుకున్నారు. ఇంట్లో ఉన్నంతసేపు అతిథిని చంపకూడదు, గడప దాటితే చంపాలి. కీటన్ సినిమాకు కూడా అమెరికా పల్లెల్లోని వంశ కక్షే మూలం. అందుకే కథ ఇక్కడ నాటగానే వేరు పట్టింది. వేటకొడవలి చేత్తో పట్టుకున్న కొడుకులు, విస్తరి ముందు కొసరి కొసరి వడ్డించే తండ్రి. ఆ మర్యాదా ఆ పగా ఒకే మనిషిలో ఉండటం సీమ పెద్దిళ్లు తెలిసినవాళ్లకు కొత్త కాదు. నవ్విస్తూ రాజమౌళి పట్టుకున్నది వర్మ రెండు భాగాల్లోనూ పట్టుకోలేకపోయారు.

2018లో త్రివిక్రమ్ ‘అరవింద సమేత వీరరాఘవ’ మూసను తలకిందులు చేసింది. గోపాల్ ఇంటర్వెల్ తర్వాతకు దాచే ఊచకోతను త్రివిక్రమ్ మొదటి అరగంటలోనే ముగించి, ఇక మిగిలిన సినిమా ఏం చేయాలని అడిగారు. కక్షకు మూలం పేకాటలో అయిదు రూపాయలు. ఈ చిల్లర లెక్క నాకు చాలా నిజమనిపించింది. సీమ పాటగాడు పెంచల్‌దాస్ వల్ల యాస హీరోకూ దక్కింది. అయితే శాంతి గురించి మాట్లాడే సినిమా, మనల్ని ఆ మొదటి నరుకుడుకే ఈల వేయించడం నాకు మింగుడుపడదు. కృష్ణవంశీ మనల్ని ఈల వేయనివ్వలేదు. మరో తమాషా, ‘అంతఃపురం’లో కోడలిని కాపాడిన జగపతిబాబే ఇరవై ఏళ్లకు గొంతు తెగిన బసిరెడ్డిగా వచ్చి ఈ సినిమాకంతా బలమయ్యాడు.

ఈ దర్శకుల్లో దాదాపు అందరూ కోస్తా వాళ్లే. సీమ నుంచి పోయినవాళ్లేం తీశారంటే, పులివెందుల దగ్గర కొత్తపల్లిలో పుట్టిన బి.ఎన్. రెడ్డి 1951లో ‘మల్లీశ్వరి’ తీశారు, తాడిపత్రి కె.వి. రెడ్డి 1957లో ‘మాయాబజార్’ తీశారు. పులివెందుల పేరు వినగానే ‘మల్లీశ్వరి’ గుర్తొచ్చేవాళ్లను నేనింతవరకు చూడలేదు.

చేను ముఖం చూడాలంటే క్రిష్ దాకా ఆగాల్సి వచ్చింది. కడప జిల్లా రచయిత సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి నవల ఆధారంగా 2021లో తీసిన ‘కొండపొలం’లో కరువే కథ నడుపుతుంది. మేత లేక, నీళ్లు లేక గొర్రెల మందలను నల్లమలకు తోలుకుపోతారు. వికారాబాద్ అడవుల్లో తీయడం వల్ల పచ్చదనం కాస్త ఎక్కువైంది, ప్రేమకథ అడ్డం పడుతూ ఉంటుంది. అయినా ఒక సీమ కుర్రాడి ధైర్యాన్ని ఎంతమందిని నరికాడన్న దాంతో కాక, ఎన్ని గొర్రెలను వెనక్కి తెచ్చాడన్న దాంతో కొలిచిన సినిమా అది. జనం పెద్దగా చూడలేదు. ఏడాదిన్నర తిరక్కముందే, 2023 సంక్రాంతికి, గోపీచంద్ మలినేని ‘వీరసింహారెడ్డి’తో మళ్లీ ‘సమరసింహారెడ్డి’ హీరో బాలకృష్ణనే కొండారెడ్డి బురుజు దగ్గరికి తెచ్చారు.