పెంకు, పాత్ర, పొర: రామగుండం పరిసరాల మట్టిపాత్రల పునరుద్ధరణ – విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం:

రామగుండం బొగ్గుగనుల ప్రాంతానికి చేరువలో ఉన్న పెద్దబంకూరు, ధూళికట్ట, కోటిలింగాల పురాస్థలాల్లో లభించిన మట్టిపాత్రల శకలాలను అతికించి నిలబెట్టే పని ఏ ప్రమాణాలపై సాగాలన్నది ఈ వ్యాసంలోని చర్చనీయాంశం. పింగాణి పాత్రకు తగిన సంపూర్ణతా ప్రమాణాన్ని మట్టికుండకు యథాతథంగా వర్తింపజేస్తే పాత్ర దక్కవచ్చు గాని, అది మోసుకొచ్చిన సాక్ష్యం చెడుతుందన్నది ఇందులోని ప్రతిపాదన.

కీలకపదాలు: పెంకు, పాటిగడ్డ, పింగాణి, పునరుద్ధరణ, పూరణ, గోదావరిఖని, కోటిలింగాల.

1. ప్రస్తావన

తెలుగులో పగిలిన పాత్రకు ఉన్నన్ని మాటలు అతికిన పాత్రకు లేవు. పగిలిన ముక్క పెంకు. బీటవారి నీరు కారేది ఓటికుండ. పెంకులు, బూడిద, ఎముకలు కలిసి గట్టిపడిన పాత ఊరి దిబ్బ పాటిగడ్డ, దాని మన్ను పాటిమన్ను. బాగుచేసిన కుండకు మాత్రం ప్రత్యేకమైన పేరు లేదు. ‘అతుకు’ అన్న మాటను బట్టతోనూ, రేకుతోనూ, బాంధవ్యంతోనూ పంచుకోవలసిందే. విరిగినా మళ్లీ అతుక్కునే గుణాన్ని వేమన తన ప్రసిద్ధ పద్యంలో ఇనుముకు ఇచ్చి, మనసుకు నిరాకరించాడు. ఆ పోలికలోకి కుండ రానేలేదు. వేదాంతుల ఘటాకాశ దృష్టాంతంలోనూ కుండ పగలడం విముక్తికి సంకేతమే. లోపలి ఆకాశం బయటి ఆకాశంలో కలిసిపోయాక పెంకులు ఏమయ్యాయని ఎవరూ అడగరు.

ఆచారాలూ ఈ దృష్టినే బలపరుస్తాయి. అంత్యక్రియల్లో కుండను పగలగొట్టి వెనుదిరిగి చూడకుండా వస్తారు. పెళ్లికి తెచ్చే ఐరేని కుండలైనా, బోనమెత్తే కుండైనా కొత్తవి కావాలి, పగుళ్లు ఉండకూడదు. దీనికి మతవిశ్వాసం ఎంత కారణమో ఆర్థికస్థితీ అంతే కారణం. కుమ్మరి ఊళ్లోనే ఉన్నప్పుడు, కుండ ధాన్యానికే దొరికినప్పుడు పగిలినదాన్ని అతికించడం వృథాశ్రమ. బీటవారిన కుడితి గోలేనికి సిమెంటు పూసి మరో రెండేళ్లు నడిపించడం వంటి ఇంటి చిట్కాలు లేకపోలేదు గాని, అవి కళగా ఎదగలేదు. అంటే మట్టిపాత్రను అతికించడం ఈ ప్రాంతపు ఇంటి సంప్రదాయం కాదు, పురావస్తు తవ్వకాలతో వచ్చిన పని. ఆ పనికి ప్రమాణాలు కూడా బయటి నుంచే వచ్చాయి. వాటిని విమర్శకు పెట్టకుండా స్వీకరించడమే అసలు సమస్య.

2. మూడు దిబ్బలు

గోదావరిఖనికి దక్షిణాన, పెద్దపల్లి పట్టణం పక్కనే పెద్దబంకూరు ఉంది. 1960ల చివర, 1970లలో రాష్ట్ర పురావస్తు శాఖ జరిపిన తవ్వకాల్లో అక్కడ శాతవాహనుల కాలపు ఇటుక కట్టడాలు, నాణేలు, ఇటుక బావులు బయటపడ్డాయి. కాల్చిన మట్టివలయాలను ఒకదానిపై ఒకటి దించి కట్టిన బావులు కూడా కనిపించాయి. అదే జిల్లాలోని ధూళికట్టలో మట్టికోట, బౌద్ధస్తూపం, ముచిలింద నాగుని చెక్కిన ఫలకం వెలుగుచూశాయి. నదికి ఎగువన, పెద్దవాగు గోదావరిలో కలిసే చోట ఉన్న కోటిలింగాల ఇప్పుడు జగిత్యాల జిల్లాలో భాగం. గోభద, నారన, సమగోప అనే పేర్లున్న నాణేలు, శాతవాహన సిముకుని నాణేలు దొరికిన చోటుగా దానికి పేరు. ఈ తవ్వకాలకు నాయకత్వం వహించిన వారిలో ప్రముఖులైన వి.వి. కృష్ణశాస్త్రి 1983లో వెలువడిన తన ఆంగ్లగ్రంథంలో ఆంధ్రప్రదేశ్ చరిత్రపూర్వ, తొలి చారిత్రక సంస్కృతులను వివరించారు.

ఈ స్థలాలపై తెలుగులో వచ్చిన వ్యాసాల్లో ఎక్కువ భాగం నాణేల చుట్టూ తిరుగుతాయి. మృణ్మయ శకలాలకు ‘ఎరుపు, నలుపు మట్టిపాత్రలు కూడా లభించాయి’ అన్న ఒక వాక్యం దక్కుతుంది. ఆ ‘కూడా’ చిన్నమాటే గాని, అందులో ఒక విలువనిర్ణయం ఉంది. నాణెం చేతులు మారి దూరదేశం పోగలదు. వంటకుండ సాధారణంగా కాలిన చోటికి దగ్గర్లోనే పగులుతుంది. ఒక పొరలో మనుషులు ఎలా బతికారో చెప్పడానికి పెంకు కన్నా నమ్మకమైన సాక్షి అరుదు.

3. పింగాణి న్యాయం, కుండ న్యాయం

తెలంగాణలో పాత్రల సంపద అనగానే గుర్తుకొచ్చేది హైదరాబాదులోని సాలార్‌జంగ్ మ్యూజియం. మూడవ సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీఖాన్ సేకరించిన చైనా, జపాన్, ఐరోపా పింగాణి వస్తువులు అక్కడున్నాయి. 1951 డిసెంబరు 16న దివాన్ దేవిడీలో ప్రారంభమైన ఆ ప్రదర్శనశాల 1968లో నేటి భవనానికి మారింది. అటువంటి సేకరణలో వస్తువు విలువ రూపంలో, రంగులో, పై మెరుగులో ఉంటుంది. అది ఏ నేలపొరలో దొరికిందన్న ప్రశ్నకు అక్కడ తావు తక్కువ. కాబట్టి పగిలిన పింగాణి పళ్లెం అతుకు కనపడకుండా ముస్తాబైతే చూపరికి పెద్ద నష్టం లేదు. మరమ్మతు వివరాలు రికార్డులో ఉంటే చాలు.

పదార్థం కూడా ఈ న్యాయానికే సహకరిస్తుంది. పింగాణి సుమారు 1250 నుంచి 1400 డిగ్రీల సెల్సియస్ వేడిలో కాలి గాజులా గట్టిపడుతుంది. విరుపు అంచులు పదునుగా ఉంటాయి, జిగురు లోపలికి ఇంకదు. మట్టికుండ సాధారణంగా 1000 డిగ్రీల లోపే కాలుతుంది. దాని ఒంటినిండా సూక్ష్మరంధ్రాలే. నేలలోని లవణాలు వాటిలో చేరి, ఆరినప్పుడు స్ఫటికాలై పైపొరను రాల్చుతాయి. అంచులు పొడిగా రాలుతాయి. పింగాణి మీద ఆరితేరిన చేయి కుండ మీద తడబడడంలో ఆశ్చర్యం లేదు. ఊరగాయ జాడీ మొదలు చైనా గిన్నె దాకా మెరుగుపూత ఉన్న ప్రతిదాన్నీ ‘పింగాణి’ అనే మనకు ఈ భేదం మాటల్లో చిక్కదు.

ఇటీవల తెలుగు వ్యక్తిత్వవికాస వ్యాసాల్లో జపాన్ కిన్‌త్సుగి తరచుగా ప్రత్యక్షమవుతోంది. ఉరుషి లక్కతో ముక్కలను కలిపి, అతుకు వెంట బంగారుపొడి అద్దే పద్ధతి అది. విరుపును దాచవద్దన్న దాని సూత్రం గౌరవించదగినదే. కాని అది తేనీటి సంస్కృతిలో అపురూపంగా చూసుకున్న పాత్రకు పుట్టిన మర్యాద. దాన్ని పెద్దబంకూరు వంటకుండకు అన్వయిస్తే పోలిక పట్టు తప్పుతుంది. ఈ విషయంలో అంతకన్నా ఉపయోగపడే ఉదాహరణ టోక్యో జాతీయ మ్యూజియంలోని ‘బకోహాన్’ అనే చైనా పచ్చమెరుగు గిన్నె. పదిహేనో శతాబ్దిలో బీటవారిన ఆ గిన్నెను జపాన్ పాలకుడు అషికాగా యోషిమాసా చైనాకు పంపి అలాంటిదే మరొకటి కోరాడని, దానికి సాటి రాగలది లేదని చైనావారు ఇనుప కొంకీలతో కుట్టి తిరిగి పంపారని చెబుతారు. ఆ కొంకీలు మిడతల్లా కనిపించడం వల్లనే దానికి ఆ పేరు వచ్చింది. అక్కడ మరమ్మతు ఆభరణం కాలేదు, మరమ్మతుగానే నిలిచింది.

4. అతుకు పని

తవ్వకం నుంచి వచ్చిన పెంకులను ముందు మందం, రంగు, మట్టిలో కలిసిన ఇసుకరేణువులు, సారె తిరిగిన గీతలు చూసి వేరుచేస్తారు. తర్వాత జిగురు లేకుండానే జతచేసి చూస్తారు. ఈ మెట్టు దాటేసిన తొందరపాటుకు శిక్ష చివర్లో పడుతుంది. ఒక్కో అతుకులో వెంట్రుకవాసి తేడా వచ్చినా ఆఖరి పెంకుకు చోటు మిగలదు. జతకుదిరిన ముక్కలను ఇసుకతట్టలో నిలబెట్టి, బరువు అతుకు మీద సమంగా పడేలా వంచి ఆరనిస్తారు.

జిగురు విషయంలో సూత్రం ఒక్కటే. రేపటి పరిశోధకుడు దాన్ని విప్పగలగాలి. ఎపాక్సీ జిగురు గట్టిదే గాని పచ్చబారుతుంది, సులభంగా ఊడదు. కుండ కన్నా అతుకు గట్టిదైతే తర్వాతి దెబ్బకు కుండే కొత్తచోట పగులుతుంది. అందుకే అసిటోన్‌లో కరిగే పేరలాయిడ్ బి-72 అనే యాక్రిలిక్ రెజిన్‌ను ప్రపంచవ్యాప్తంగా వాడుతున్నారు. అయితే అది మెత్తబడడం మొదలయ్యే ఉష్ణోగ్రత సుమారు 40 డిగ్రీలు. రామగుండంలో మే నెల ఎండ ఆ గీతను సునాయాసంగా దాటుతుంది. చల్లని గదుల కోసం రాసిన పాఠ్యగ్రంథాన్ని అక్షరాలా పాటించి ఇక్కడి రేకులగదిలో భద్రపరిచిన బరువైన కాగు, తన అతుకుల దగ్గర మెల్లగా జారిపోవచ్చు. వేడి ప్రాంతాల్లో సుమారు 60 డిగ్రీల దాకా తట్టుకునే బి-44 రెజిన్‌ను విడిగానో, బి-72తో కలిపో వాడే పద్ధతి ఉంది. ప్రమాణాలు స్థానికం కావాలన్న మాటకు ఇంతకన్నా స్పష్టమైన ఉదాహరణ అక్కర్లేదు.

శుభ్రపరచడంలోనూ ఇదే వివేకం కావాలి. పెంకుకు పట్టిన సున్నపు పెచ్చును ఆమ్లంతో కడిగితే ముఖం తేటపడుతుంది. కాని మట్టిలో కలిసిన సున్నపు రేణువులు కూడా దానితో కరిగిపోతాయి. అడుగున పట్టిన మసి మురికి కాదు, ఆ కుండ పొయ్యికెక్కిందనడానికి రుజువు.

5. పూరణ

దొరకని భాగాన్ని ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌తో నింపి రంగు వేయడం ప్రదర్శనశాలల్లో చిరకాలంగా ఉన్న అలవాటు. సందర్శకుడు నిండుకుండనే చూడాలనుకుంటాడన్నది దాని వెనక ఉన్న ఊహ. అతికించడం కన్నా ఈ నింపడం దగ్గరే విమర్శ పదునెక్కాలి. పూరించిన భాగం మొత్తంతో పొందికగా ఉంటూనే అసలు భాగం నుంచి వేరుగా గుర్తుపట్టేలా ఉండాలని 1964 నాటి వెనిస్ చార్టర్ కట్టడాల విషయంలో చెప్పింది. 1963లో వెలువడిన పునరుద్ధరణ సిద్ధాంతగ్రంథంలో ఇటలీ విమర్శకుడు చెజారే బ్రాందీ కూడా కళాత్మకంగాగాని చారిత్రకంగాగాని కూటసృష్టికి తావివ్వరాదన్నాడు.

ఈ ప్రాంతపు బృహచ్ఛిలాయుగ సమాధుల్లో దొరికే ఎరుపు–నలుపు పాత్రలకు ఈ హెచ్చరిక మరీ వర్తిస్తుంది. ఆ పాత్రల లోపలితలం, అంచు నలుపు. వెలుపలి ఒళ్లు ఎరుపు. పాత్రను బోర్లించి కాల్చినప్పుడు గాలి ఆడిన చోట ఎరుపు, ఆడని చోట నలుపు తేలాయన్నది బహుళప్రచారంలో ఉన్న వివరణ. అంటే రెండు రంగుల సరిహద్దు అలంకారం కాదు, ఆవంలో పాత్ర ఎలా కూర్చుందో చెప్పే గీత. ప్లాస్టర్ మీద ఆ గీతను ఊహించి కొనసాగించిన కళాకారుడు రెండువేల ఏళ్ల నాటి కుమ్మరి సాక్ష్యంలో తన వాక్యాన్ని చేర్చినట్టే. పూరణకు మట్టిరంగుకు దగ్గరైన ఒకే లేతవర్ణం చాలు. ప్లాస్టర్‌లోని లవణాలు కుండలోకి పాకకుండా అంచులకు ముందుగా పలుచని రెజిన్ పూత వేయడమూ అవసరమే.

పాత్రను ముట్టకుండానే పూర్తిచేసే మార్గం మరొకటి ఉంది. అది రేఖాచిత్రం. అంచు పెంకు వంపును వలయాల పటంపై ఉంచి మూతి వ్యాసాన్ని లెక్కగట్టి, ఒక పక్క గోడ మందం, మరో పక్క వెలుపలి రూపం గీస్తారు. తవ్వకాల నివేదికల్లో చివరి పుటలకు నెట్టివేసే ఈ బొమ్మలు నిజానికి అత్యంత నిజాయితీగల పునరుద్ధరణలు. ఊహ ఎక్కడ మొదలైందో అవి దాచవు.

6. పొర

గోదావరిఖని భూగర్భ గనుల్లో బొగ్గు తీసిన ఖాళీని గోదావరి ఇసుకతో నింపే పద్ధతి చిరపరిచితం. కార్మికుల మాటలో అది స్టోయింగ్. ఆ ఇసుక పైకప్పును మోస్తుంది, తాను బొగ్గునని నటించదు. మంచి పూరణకు ఇంతకన్నా దగ్గరి పోలిక దొరకదు. ఉపరితల గనిలో జరిగేది వేరు. అక్కడ పైమన్ను, ఇసుకరాయి పొరలు తీసి గుట్టలుగా పోస్తారు. పైమన్నును విడిగా దాచి తిరిగి పరిచినా నేల సమతలం అవుతుందే గాని, పొరల వరస తిరిగి రాదు. పాటిమన్నును పొలానికి తోలుకున్న రైతు చేతిలోనూ, చిన్న మేరలోనే అయినా, జరిగింది ఇదే. కోటిలింగాల దగ్గర ఈ ముప్పు నీటి రూపంలో వచ్చింది. శ్రీపాద ఎల్లంపల్లి జలాశయపు నిల్వ నీళ్లు ఆ దిబ్బ అంచులను చేరాయి.

పొర తప్పిన పెంకులను ఎంత నేర్పుగా అతికించినా దక్కేది ఒక ఆకారమే. పొర తెలిసిన పెంకు ఒంటరిగా ఉన్నా కాలాన్ని చెబుతుంది. కాబట్టి ఈ ప్రాంతపు పాత్రల విషయంలో డబ్బు, శ్రమ ఎక్కడ ముందు పెట్టాలన్న ప్రశ్నకు జవాబు జిగురుసీసాలో లేదు. అది తవ్వే నాటి నమోదులో, పెంకుల సంచికి కట్టే చీటీలో ఉంది. చీటీ పురుగుల పాలైతే అతికిన కుండ కూడా అనాథే అవుతుంది. అందుకే స్థలం పేరు, గుంట సంఖ్య, పొర సంఖ్య పెంకు మీదనే ఉండాలి. పలుచని రెజిన్ పూత వేసి, అది ఆరాక దానిపై సిరాతో రాసి, మళ్లీ ఒక పూత వేస్తారు. ఆ రాత పాత్ర లోపలివైపు, విరుపు అంచుకు కాస్త ఎడంగా పడాలి.