డిక్కీలో బ్యాటరీ: మినీకి అవసరం, అంబాసిడర్‌కి షోకు

మారిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్, మినీ రెండూ బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ కార్లే. మొదటిదే మన దగ్గర అంబాసిడర్ పేరుతో 1958 నుంచి 2014 దాకా తయారైంది. రెండోది 1959లో వచ్చింది. అంబాసిడర్ బ్యాటరీ బానెట్ కింద, మినీ బ్యాటరీ డిక్కీలో. బెజవాడ ఆటోనగర్‌లో పాత అంబాసిడర్‌ని ముస్తాబు చేయించేవాళ్లు “మనదీ డిక్కీలోకి మార్చేద్దాం” అనుకునే ముందు ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడాలి.

మినీలో బ్యాటరీ వెనక్కి పోయింది చోటు లేక. పది అడుగుల కారులో నలుగురిని కూర్చోబెట్టడానికి దాని డిజైనర్ అలెక్ ఇస్సిగోనిస్ ఇంజిన్ని అడ్డంగా తిప్పి, గేర్‌బాక్సుని దాని కిందే ఇరికించాడు. ఇక ముందువైపు ఏమీ పట్టదు. అంబాసిడర్ బానెట్ ఎత్తితే ఆ ఇబ్బందే లేదు. మెకానిక్ మోచేతులు రెండూ లోపల పెట్టి హాయిగా పని చేసుకోవచ్చు. చోటున్న బండికి చోటులేని బండి వైద్యం ఎందుకన్నది నా మొదటి అభ్యంతరం.

బరువు సర్దుబాటు కోసమంటారు. లెక్క కట్టి చూద్దాం. పదిహేను కిలోల బ్యాటరీని మూడు మీటర్లు వెనక్కి జరిపితే, 2.46 మీటర్ల వీల్‌బేస్ మీద ముందు చక్రాలకు తగ్గేది పద్దెనిమిది కిలోలు. వెనుక చక్రాల మీద అంతే పెరుగుతుంది. రేసు బండికి అది లాభమే కావచ్చు. సంక్రాంతికి కుటుంబమంతా ఎక్కి, డిక్కీలో బియ్యం బస్తా వేసుకుని వచ్చే అంబాసిడర్‌లో ఆ బరువు మోయాల్సింది ముందే వంగిన కమాను పట్టీలు.

బెజవాడలో గట్టిగా నిలబడే వాదన ఒక్కటే, ఎండ. రోహిణి కార్తెలో బానెట్ కింద వేడి ఎంతుంటుందో చెయ్యి పెట్టినవాడికి తెలుసు. లెడ్ యాసిడ్ బ్యాటరీ ఆయువు ప్రతి పది డిగ్రీల అదనపు వేడికి సుమారు సగానికి పడిపోతుందని ఆ రంగంలో అందరూ వాడే లెక్క. డిస్టిల్డ్ వాటర్ ఊరికే ఆవిరైపోవడం మనం చూసేదే. ఈ విషయంలో డిక్కీదే పైచేయి, ఒప్పుకోవాలి. కాకపోతే ఇంజిన్‌కీ బ్యాటరీకీ మధ్య రేకు అడ్డుపెట్టి, సైలెన్సర్ వైపు నుంచి కాస్త దూరం జరిపినా ఆ లాభంలో కొంత చేతికొస్తుంది, అదీ బండిని కోయకుండానే.

అసలు తేడా కేబుల్ దగ్గర బయటపడుతుంది. సెల్ఫ్ కొట్టినప్పుడు రెండు వందల ఆంపియర్లు పారుతున్నాయనుకుందాం. నాలుగు మీటర్ల రాగి కేబుల్ 16 స్క్వేర్ ఎంఎం అయితే దారిలోనే 0.86 వోల్టులు పోతాయి; 50 స్క్వేర్ ఎంఎం అయితే 0.28. చవకని అల్యూమినియం వెల్డింగ్ కేబుల్ లాగితే అదే సైజులో నష్టం ఒకటిన్నర రెట్లకు పైనే. ఇదంతా పాజిటివ్ వైపు సంగతి. నెగెటివ్‌ని డిక్కీ నేలకి ఒక బోల్టుతో బిగించి వదిలేస్తే కరెంటు తిరుగుదారి ఆ బాడీ రేకే. డెల్టా తేమలో తుప్పుపట్టి, మూడుసార్లు టింకరింగ్ జరిగి, అతుకుల మధ్య పుట్టీ దట్టించిన రేకుని నమ్ముకుంటే “టిక్” మని శబ్దమొచ్చి సెల్ఫ్ తిరగదు. రంగు గీకి మెరిసే రేకు మీద లగ్గు బిగించాలి, లేదా ఇంజిన్ దాకా రెండో కేబుల్ వెయ్యాలి. లగ్గుని సుత్తితో నొక్కడం కాదు, హైడ్రాలిక్ ప్రెస్‌తో బిగించాలి.

ఫ్యూజు మాట మినీ తయారీదారులకే పట్టలేదు. డిక్కీ నుంచి ఇంజిన్ దాకా కారు కిందుగా పోయే ఆ తీగలో ఎప్పుడూ కరెంటే, అడ్డు లేదు. జాకీ కింద నలిగితే నిప్పే. కాబట్టి మినీని కాపీ కొట్టదలిచినవాళ్లు ఆ లోపాన్ని కూడా కొట్టకూడదు: బ్యాటరీ పక్కనే పెద్ద ఫ్యూజు, రేకు దాటే ప్రతిచోటా రబ్బరు బుష్. చార్జింగ్‌లో హైడ్రోజన్ వస్తుంది, గాలిలో నాలుగు శాతం చేరితే చాలు అంటుకుంటుంది. అంబాసిడర్ పెట్రోల్ ట్యాంకూ వెనుకే. గాలి బయటికి పోయే గొట్టం ఉన్న పెట్టె లేకుండా మామూలు బ్యాటరీని అక్కడ పెట్టడం నాకు సమ్మతం కాదు. ఫోక్స్‌వ్యాగన్ బీటిల్‌లో బ్యాటరీని వెనుక సీటు కింద పెట్టినచోట సీటు స్ప్రింగులు టెర్మినల్స్‌కి తగిలి మంటలు లేచిన సందర్భాలున్నాయి.

ఇక నీటి సంగతి. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగి బెజవాడలోని సింగ్‌నగర్, రాజరాజేశ్వరిపేట నీటిలో ఉండిపోయాయి. అంత లోతు నీటిలో ఏ కారైనా ఒకటే. కానీ ప్రతి ఏడూ వచ్చే మోకాలి లోతు వానకి డిక్కీ అడుగునున్న బ్యాటరీ ముందు తడుస్తుంది, బానెట్ కింద ఎత్తున ఉన్నది తరవాత. ఈ ఊరు ఎండకి వెనక్కి పొమ్మంటుంది, వానకి ముందుకి రమ్మంటుంది.

2021లో కేంద్రం తెచ్చిన వింటేజ్ నిబంధనలు యాభై ఏళ్లు దాటిన బండికి విఏ సిరీస్ నంబరు ఇస్తాయి, ఛాసిస్, బాడీ, ఇంజిన్లలో పెద్ద మార్పులు చెయ్యకపోతేనే. 1970 నాటి అంబాసిడర్ ఉన్నవాళ్లు డిక్కీ నేల కోయించే ముందు ఆ నిబంధన చదువుకోవాలి. తప్పక మార్చాలంటే, పాత బోల్టు రంధ్రాలకే బిగిసే పెట్టె చేయించుకుని, బానెట్ కింద జంప్ స్టార్ట్ కోసం ఒక టెర్మినల్ ఉంచుకోవాలి. బ్యాటరీని డిక్కీలో పెట్టిన కార్లలో బీఎండబ్ల్యూ కూడా అలాంటి టెర్మినల్ ఇచ్చింది.