గురువు వద్దన్న రంగు

ఫొటోగ్రఫీ మొదలుపెట్టిన పిల్లలకు అందరూ చెప్పే సలహా ఒకటుంది: ఎవర్నీ అనుకరించకు, నీ శైలి నువ్వు వెతుక్కో. ఇంకా ఫోకస్ కూడా సరిగా కుదరని పిల్లవాడు శైలిని ఎక్కడని వెతుక్కుంటాడు? ముందు అనుకరించమనే నేను చెబుతాను. ఫొటోగ్రాఫర్ రఘుబీర్ సింగ్‌ని చూడమంటాను.

జైపూర్‌లో 1942లో పుట్టిన సింగ్, బడికెళ్లే వయసులోనే ఇంట్లో ‘బ్యూటిఫుల్ జైపూర్’ పుస్తకం చూశారు. అందులోని ఫొటోలు ఫ్రెంచ్ ఫొటోగ్రాఫర్ ఆన్రీ కార్తియే బ్రెసాన్‌వి. 1966లో బ్రెసాన్ జైపూర్ వచ్చినప్పుడు ఆయన పనిచేసే తీరును సింగ్ దగ్గరుండి గమనించారు. చేతిలో ఇమిడే చిన్న కెమెరా, జనంలో కలిసిపోయి నిలబడటం, ఎంత రద్దీ వీధినైనా ఫ్రేములో పొందిగ్గా అమర్చడం... ఆ నేర్చుకున్నదంతా సింగ్ ఫొటోల్లో చివరిదాకా కనిపిస్తుంది.

రంగు దగ్గర మాత్రం ఆయన గురువు మాట వినలేదు. బ్రెసాన్‌కి రంగు ఫొటోలంటే గిట్టేది కాదు. కళ అనిపించుకోవాలంటే ఫొటో నలుపు తెలుపుల్లోనే ఉండాలని పెద్దలు నమ్మిన కాలం అది. అయినా సింగ్ కోడాక్రోమ్ రంగు ఫిల్మే వాడారు. భారతీయుల చూపులోనే రంగు ఉందని 1998లో వచ్చిన ‘రివర్ ఆఫ్ కలర్’ ముందుమాటలో వాదించారు. ఆయన తీసిన గంగాతీరం, రాజస్థాన్ ఫొటోలు చూస్తే నాకా వాదన నూటికి నూరుపాళ్లూ నిజమనిపిస్తుంది.

ఆ మాటకొస్తే బ్రెసాన్‌ని కదిలించిందీ మరొకరి ఫొటోనే. టాంగన్యీకా సరస్సు అలల్లోకి పరుగెత్తుతున్న ముగ్గురు కుర్రాళ్లను మార్టిన్ ముంకాచీ తీశారు. అది చూశాకే బ్రెసాన్ మనసు కెమెరా మీద నిలిచింది.

ఇప్పుడు మన పెళ్లి ఫొటోలన్నీ ఒకేలా ఉంటున్నాయంటే తప్పు అనుకరణది కాదు, ప్రీసెట్లది. కొనుక్కున్న ప్రీసెట్ ఒక్క నొక్కుతో రంగులు మార్చేస్తుంది, కంటికి మాత్రం ఏమీ నేర్పదు. బ్రెసాన్‌లా తీయాలనుకున్నవాడు వీధి మూలన గంటలకొద్దీ నిలబడాల్సిందే. కన్ను పదునెక్కేది అక్కడే.

కొత్తగా కెమెరా పట్టినవాళ్లారా, మీకు నచ్చిన ఒక్క ఫొటోగ్రాఫర్‌ని ఎంచుకోండి. కొన్నాళ్లు అచ్చం ఆయనలాగే తీయండి. ప్రింట్లు వేయించి ఆయన ఫొటోల పక్కన పెట్టి చూడండి. తేడాలు చాలానే కనిపిస్తాయి. దిద్దుకోవాల్సినవి దిద్దుకోండి. ఎంత చెప్పినా దిద్దుకోబుద్ధి కాని తేడా ఏదైనా ఉంటే, దాన్ని మాత్రం వదులుకోకండి.