ప్లైవుడ్ పొట్టకు జేజే

జేజే నీకు, ఊరూ పేరూ లేని నా గిటారూ! పొరలు పొరలుగా అతికిన ప్లైవుడ్ పొట్టతో తూంకుంటలో మా బాల్కనీ గోడకి ఆనుకుని కూర్చుంటావు. హకీంపేట నుంచి శిక్షణ విమానం లేచిందంటే ఎవరూ మీటకుండానే నీ లావు తీగ సన్నగా గురగురలాడుతుంది. ఆ మూలుగు వినడానికే నేను కొన్నిసార్లు చెవి నీ పొట్టకి ఆనిస్తాను.

సాలిడ్ టాప్ కొనుక్కోమన్నారు అందరూ. నిండు చెక్క పలుకు బాగుంటుంది, కాదనను. కానీ దానికి ఏడాది పొడుగునా 45 నుంచి 55 శాతం తేమ ఉండాలంటారు. షామీర్‌పేట వైపు బండరాళ్లు పెనంలా కాలే మే నెలలో అంత తేమ నేనెక్కణ్ణుంచి తేను? నిండు చెక్క ఎండకి బీటవారుతుంది, వానకి ఉబ్బుతుంది. నీ పొరలు ఒకదాని ఈనెకి ఇంకొకటి అడ్డంపడి పట్టుకుంటాయి. చవకదని పెదవి విరిచినవాళ్లెవరూ ఈ సంగతి చెప్పలేదు.

జేజే నీ నట్‌కి! మెడ పైకొసన 43 మిల్లీమీటర్ల ఎముక ముక్క, దాని మీద ఆరు గాట్లు. గాటు లోతు చాలకపోతే ఎఫ్ కార్డు పట్టేసరికి చూపుడువేలు మండిపోతుంది. లోతు మించిందా, వేలు నొక్కకుండా మీటిన తీగ మొదటి ఫ్రెట్‌కి తగిలి గొంతు జీరపోతుంది. ఆ రెంటికీ మధ్య ఆకురాయితో రెండు రుద్దుల తేడా. మూడో తీగ గాటులో ఇరుక్కుంటే కీ ఎంత తిప్పినా కదలదు. కదిలితే టిక్కుమని ఒక్కసారిగా శృతి దాటి దూకుతుంది. అప్పుడు తీగ పక్కకి తప్పించి, పిల్లల పెన్సిల్ ములుకుతో గాటులో నాలుగు గీతలు గీస్తాను. ఆ నల్లపొడి మీద తీగ హాయిగా జారుతుంది. అయిదు రూపాయల ఆ వైద్యానికి ప్రకటన వేసే కంపెనీ ఒక్కటీ లేదు.

జేజే నీ లెక్కకి! నట్ నుంచి శాడిల్ దాకా 648 మిల్లీమీటర్లు. దాన్ని 17.817తో భాగిస్తే మొదటి ఫ్రెట్ చోటు, మిగిలినదాన్ని మళ్లీ భాగిస్తే రెండోది. అలా దిగుతూ పోతే పన్నెండోది సరిగ్గా సగంలో, 324 దగ్గర, పై స్థాయి షడ్జమానికి తలుపు తీస్తుంది. లక్షలు పోసి కొన్నవాడి గిటారుకైనా ఇదే భాగహారం.

ఇక దుకాణాల్లో చెప్పే పేర్లు వినాలి! '80/20 బ్రాంజ్' తీగలట: 80 పాళ్లు రాగి, 20 పాళ్లు జింకు. రాగిలో జింకు కలిస్తే ఇత్తడని మా ఇంట్లో బిందెకి కూడా తెలుసు. 'రెలిక్' ఇంకా చిత్రం: కొత్త గిటారుని ఫ్యాక్టరీలోనే గీకి, రంగు లేపి, పాతదిలా చేసి ఎక్కువ ధరకి అమ్ముతారు. నీ పొట్ట మీద గీతలన్నీ ఆటోలో వచ్చినప్పుడు పడ్డవే, పైసా ఖర్చు లేదు. 1994లో బిల్ ఫినెగన్ అనే అమెరికన్ క్లాన్ సెంటార్ అనే, గిటారు ధ్వనిని మార్చే పెడల్ చేసి, లోపలి సర్క్యూట్ ఎవరికీ కనపడకుండా జిగురు పోశాడు. దాని చుట్టూ అల్లుకున్న మహిమల వల్ల పాత పెడల్ వేల డాలర్లకి పోయింది. చివరికి ఆయనే విసిగి, తర్వాత తెచ్చిన పెడల్ పైన, ఈ పిచ్చి ఊదర నా పని కాదు మహాప్రభో అన్న అర్థం వచ్చేట్టు అచ్చువేయించాడు. అమ్మేవాడే మొత్తుకున్నా కొనేవాడు వినలేదు!

పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ మాత్రం తన వాద్యాన్ని పాట కోసం మార్చుకున్నాడు. జంట తీగలు గమకానికి లొంగవని జంటలు విప్పేశాడు, ఒంటి తీగలు కట్టాడు, కింది స్వరాల కోసం అయిదోది చేర్చాడు. ఎలక్ట్రిక్ చేయడం కూడా నాదం నిలవడానికే. ఆయనకి ఏం తక్కువైందో ముందు చెవికి తెలిసింది, తర్వాతే పనిముట్టు మారింది. దుకాణంలో నాకు ఎప్పుడూ తిరగేసి చెబుతారు.

అర మెట్టు దింపి కడతాను నిన్ను. నా గొంతుకి సుఖం, 11 గేజ్ తీగలు కూడా వేలికి మెత్తబడతాయి. రాజీవ్ రహదారి మీద లారీల హారన్ మన శృతికి ఎప్పుడూ కుదరదు, దాని ఖర్మ. వచ్చే నెల జీతం పడగానే ఒక సెట్ తీగలు, ఒక కాపో తెస్తాను. ఏ రంగు కావాలన్నా అని అడిగితే నలుపే ఇమ్మంటాను, అదే చవక.