నాన్నగారి గుంటలో ఆర్కిటిక్

మా ఊరి నది ఒడ్డున, రివర్‌వాక్‌లో నాతో నడిచే పెద్దాయన ఒకరున్నారు. మొన్న ఆదివారం ఆయనన్న మాట వారమంతా నన్ను గుచ్చుతూనే ఉంది. “భూమికి వేడి కొత్తేం కాదండీ. ఒకప్పుడు ధ్రువాల దగ్గర అడవులుండేవట. ఊరికే కంగారు పడకండి.”

అడవులున్న మాట నిజమే. కంటితో చూడందే రాయనని నాకో పట్టుదల. పక్క ఊరు లైల్‌లో ఉన్న మోర్టన్ ఆర్బొరేటమ్ అనే చెట్ల తోటకు వెళ్లి డాన్ రెడ్‌వుడ్ చెట్టు కింద నిలబడ్డాను. సూదుల్లాంటి మెత్తటి ఆకులు రాగిరంగుకు తిరిగి, ముట్టుకుంటే రాలిపోతున్నాయి. ఈ జాతి చెట్ల మొద్దులే కెనడా ఉత్తరపు కొసన ఆక్సెల్ హైబర్గ్ దీవిలో దొరికాయి. సుమారు నాలుగున్నర కోట్ల ఏళ్లయినా రాయి కాలేదు, కర్రగానే ఉన్నాయి.

అడవి సరే, నన్ను అంతకంటే కదిలించింది అజొల్లా అనే నీటిమొక్క. తెనాలి దగ్గర మా పెరట్లో దానికోసం టార్పాలిన్ పరిచిన గుంట ఉంది. పేడనీళ్లు కలిపి నాలుగు గుప్పెళ్లు చల్లితే, కొద్ది రోజుల్లోనే నీళ్లు కనపడకుండా కమ్మేస్తుంది. నాన్నగారు దాన్ని జల్లెడతో తీసి, పేడవాసన పోయేదాకా కడిగి, గేదెల దాణాలో కలుపుతారు. 2004లో ఉత్తర ధ్రువానికి సుమారు 250 కిలోమీటర్ల దూరంలో, ఐస్‌బ్రేకర్లు మంచును పగలగొడుతుండగా శాస్త్రవేత్తలు సముద్రం అడుగును తొలిచారు. పైకొచ్చిన మట్టిలో ఈ అజొల్లా జాతే, గుట్టలుగా! 4.9 కోట్ల ఏళ్ల కిందట ఆర్కిటిక్ పైపొర మంచినీరై, మా గుంటలాగే పచ్చగా కప్పుకుపోయిందన్నమాట. చచ్చి అడుక్కి చేరిన మొక్క గాల్లోని కార్బన్‌ను తనతోపాటు పూడ్చుకుంది. భూమి చల్లబడటంలో దానికీ వాటా ఉందంటారు. ఆ పని దాదాపు 8 లక్షల ఏళ్లు సాగింది.

పెద్దాయన మాట తప్పని రాద్దామనే కూర్చున్నాను. తప్పు కాదు. కానీ అది ధైర్యం చెప్పే మాట కూడా కాదు. ఆనాటి ధ్రువాలను అంత వెచ్చగా చూపడం చాలాకాలం కంప్యూటర్ నమూనాల వల్ల కాలేదు. మట్టి మాత్రం వెచ్చగానే ఉండేదని చెబుతూ వచ్చింది. అంటే భూమి మన లెక్కలను మించి వేడెక్కగలదు. 1979 నుంచి ఆర్కిటిక్ ప్రపంచ సగటుకు దాదాపు నాలుగు రెట్ల వేగంతో వేడెక్కుతోంది. ఒకసారి అంతదూరం వెళ్లొచ్చిన భూమి మళ్లీ వెళ్లదని నేనెలా నమ్మను?

నిన్న నాన్నగారికి ఫోన్ చేశాను. నీళ్లు వేడెక్కితే అజొల్లా గోధుమరంగుకు తిరిగి కుళ్లిపోతుందట. మొన్నటి ఎండల్లో గుంట మీద రెండో నీడవల కూడా కట్టాల్సి వచ్చిందన్నారు.