ముక్కు పగిలిన గింజ

మా నాయనమ్మ బస్తాలో చేయి పెట్టేది. మణికట్టు దాకా దూర్చి, అరచేతిని కాక చేతి వెనకవైపును గింజలకు ఆనించేది. రెండు ఊపిరుల సేపు కదలకుండా ఉండి "ఇంకో పూట ఆగాలి" అనేది, లేకపోతే "నీళ్ళు చల్లండ్రా, ఉడికిపోతోంది" అని కేకేసేది. ఏ పరికరమూ లేదు, గడియారం వైపు చూసేది కూడా కాదు. ఆమె చేయి పెట్టిన విత్తనం మొలకెత్తకుండా పోయిన ఏడు నాకు గుర్తులేదు.

వరిసాగు పొలంలో మొదలవుతుందని చాలామంది అనుకుంటారు. కాదు, అది ఇంట్లో మొదలవుతుంది. వసారా మూలనో, ధాన్యం కొట్లోనో, తడిసిన గోనె సంచుల మధ్య. ఎకరానికి 20 నుంచి 25 కిలోల విత్తనం పెద్ద గాబులో పోస్తే పొల్లు పైకి తేలుతుంది, దాన్ని తీసి పారేస్తారు. మిగిలిన గట్టి గింజను ఒక పగలూ ఒక రాత్రీ నానబెట్టి, నీరు వార్చి, సంచుల్లో కట్టి, పైన వరిగడ్డి కప్పి బరువు పెడతారు. దీన్నే మండె కట్టడం అంటాం. తడి తగిలిన గింజ లోపల ఊపిరి తీయడం మొదలుపెట్టి వేడి పుట్టిస్తుంది. ఆ వేడే దాన్ని పొదుగుతుంది. వేడి చాలకపోతే కొన్ని గింజలు లేస్తాయి, కొన్ని పడుకుంటాయి. ఎక్కువైతే మొలక లోపలే చచ్చిపోతుంది. మరో 24 గంటలకు గింజ కొసన తెల్లటి చుక్క కనిపించాలి. రైతు భాషలో దాని పేరు ముక్కు పగలడం. చుక్క దగ్గర ఆగాలి సుమా. మొలక పొడుగు సాగి ఒకదానికొకటి అల్లుకుంటే చల్లేటప్పుడు విరిగిపోతుంది.

సార్వాకు, అంటే ఖరీఫ్ పంటకు, ఈ పని సులువు, జూన్ వేడి తోడుంటుంది. దాళ్వాకు, అంటే రబీ పంటకు, అలా కాదు. డిసెంబరు చలిలో గోరువెచ్చటి నీళ్ళు చిలకరించాలి, గడ్డి రెండింతలు కప్పాలి. కొత్తగా కోసిన గింజ అయితే దానికి నిద్రమత్తు కూడా ఉంటుంది. శాస్త్రజ్ఞులు లీటరు నీటికి 6.3 మిల్లీలీటర్ల నత్రికామ్లం కలిపి నానబెట్టమంటారు. మా నాయనమ్మ మాత్రం కొత్త గింజను ముట్టుకునేదే కాదు.

ఆమె పోయాక మొదటి ఏడు నేను మండె కట్టాను. రేకుల కొట్లో సంచులు పేర్చి, తలుపు మూసి, బంధువుల పెళ్ళికి వెళ్ళొచ్చాను. తిరిగొచ్చి తలుపు తీస్తే పులిసిన కల్లు వాసన. గింజ ఉడికిపోయింది. ఆ ఏడు నా పొలంలో పండింది పక్క చేను రైతు దయతలిచి ఇచ్చిన ఆకు.

ఆకు అంటే నారు. మా గోదావరి డెల్టాలో నారుమడిని ఆకుమడి అంటాం. నారు పీకడం ఆకుతీత. నాట్లు వేయడం ఊడ్పు. పొలం ఊడ్చడమేమిటని ఒక హైదరాబాదు మిత్రుడు చీపురు పట్టినట్టు అభినయించి నవ్వాడు. నవ్వనివ్వండి.

ఆకుమడి గురించి త్వరగా చెప్పేస్తాను, ఇది పుస్తకాల్లో ఉన్నదే. ఎకరం పొలానికి 5 సెంట్ల మడి. దమ్ము బాగా చేసి, చెక్కతో అద్దంలా చదును చేసి, నీరు పోయే కాలువలు తీసి, పలుచటి నీటిపొర మీద మొలకలు చల్లుతారు. మర్నాడు నీరు తీసేస్తారు. ఆ రాత్రి వాన పడిందా, గింజలన్నీ ఓ మూలకు చేరతాయి. తీతకు వారం ముందు సెంటుకు 160 గ్రాముల కార్బోఫ్యూరాన్ గుళికలు వేస్తే కాండం తొలుచు పురుగు కొంత అదుపులో ఉంటుంది. నారు వయసుకు పాత లెక్కొకటి ఉంది: పంట ఎన్ని నెలలదో అన్ని వారాల నారు. నాలుగు నెలల రకానికి నాలుగు వారాలు, అయిదు నెలల దానికి అయిదు.

ఇక ఆకుతీత. దీని దగ్గర కాసేపు ఆగక తప్పదు.

మా పేటలో ఒక పెద్దాయన ఉండేవాడు. తెల్లవారుజామున ఆయన మడిలో దిగితే గట్టు మీద జనం ఊరికే నిలబడి చూసేవాళ్ళు. నారును నిలువునా పైకి లాగితే వేళ్ళు తెగుతాయి. ఆయన గుప్పిటను కాస్త ఏటవాలుగా తన వైపుకు జరుపుతూ తీసేవాడు. వేరు తెగిన చప్పుడు వేరుగా ఉంటుందట, అది వినపడితే తన మీద తనే విసుక్కునేవాడు. గుప్పిట నిండగానే వేళ్ళను నీళ్ళలో రెండుసార్లు ఆడించి, కాలి మడమకు ఒక్క దెబ్బ కొడితే మట్టి జారిపోయేది. ఎండుగడ్డి పోచతో చుట్టి మెలేసేవాడు. ఆ ముడి భుజాన ఎత్తుకున్నా ఊడదు, ఊడ్చే ఆమె బొటనవేలు తగిలితే చాలు, విడిపోతుంది. ఎన్నోసార్లు ప్రయత్నించాను, నా ముడి అయితే ఊడిపోయేది, లేకపోతే పళ్ళతో కొరకాల్సి వచ్చేది.

అంతకంటే గొప్ప విద్య కట్టలు విసరడం. గట్టు మీద నిలబడి కట్ట వెనక కట్ట మడిలోకి వేస్తాడు. ప్రతిదీ వేళ్ళు కిందకు, ఆకులు పైకి నిలబడి పడుతుంది. ఊడ్చే ఆడవాళ్ళు వెనక్కి నడుస్తుంటే చేతిలో కట్ట అయిపోయే చోట ఇంకో కట్ట అందాలి. దగ్గరగా పడితే మిగిలిపోతుంది, దూరంగా పడితే మనిషి బురదలో అటూ ఇటూ తిరగాలి. ఒకసారి రెండెకరాల మడి ఊడ్పు ముగిశాక మిగిలిన కట్టలు లెక్కపెడితే ఒక్కటి ఉంది. ఆ ఒక్కటీ ఎలా మిగిలిందా అని ఆయన సాయంత్రం దాకా ఆలోచిస్తూ కూర్చున్నాడు.

ఊడ్పు ఆడవాళ్ళది. ఎడమచేతిలో కట్ట, మోచేయి తొడకు ఆనిన ఆసరా, ఎడమ బొటనవేలు రెండు మూడు మొక్కల్ని విడదీసి ముందుకు తోస్తుంది, కుడిచేయి అందుకుని బురదలో గుచ్చుతుంది. చూసే కంటికి కుడిచేతి పనే కనపడుతుంది. అసలు పనితనం ఎడమ బొటనవేలిదని మా ముఠా మేస్త్రమ్మ నాకు చెప్పేదాకా నాకూ తెలియదు. "కుడిచెయ్యి ఎవరికైనా వస్తాదండీ, ఎడంచెయ్యి రావాలంటే రెండు ఊడ్పులు గడవాలి" అంది.

ఎంత లోతు గుచ్చాలన్నదే మొత్తం పంటను తేల్చే విషయం. రెండు మూడు సెంటీమీటర్లు, అంతే. పిలక పుట్టే కణుపులు మొక్క అడుగున ఉంటాయి. వాటిని బురదలో పాతిపెడితే పిలక బయటికి రాలేదు. మొక్క పైకి సాగి, పైన కొత్త కణుపు పెట్టుకుని, అక్కడ మళ్ళీ వేరు పోసుకుని అప్పుడు బతకడం మొదలుపెడుతుంది. ఈలోగా పిలకలు పెట్టాల్సిన రోజులు గడిచిపోతాయి. ఇంకో తప్పు, వేరును వంచి గుచ్చడం. బొటనవేలితో తోస్తే వేరు కొస పైకి మడత పడి కొక్కెంలా అవుతుంది. మంచి చేయి వేరు పక్కన వేలు పెట్టి నిలువుగా దింపుతుంది. తన పాదం పడిన గుంటలో మొక్క పెట్టదు, బురద కూడుకున్నాక పక్కన పెడుతుంది.

వ్యవసాయశాఖ చెప్పే లెక్క ప్రకారం చదరపు మీటరుకు సార్వాలో 33 కుదుళ్ళు, దాళ్వాలో 44 ఉండాలి. ఆ మేస్త్రమ్మ ఊడ్చిన మడిలో ఒకసారి మీటరు చట్రం విసిరి లెక్కపెట్టాను. 33, 34, మళ్ళీ 33. తాడు లేదు, గుర్తు లేదు. ఎకరానికి లక్షా ముప్పైవేల పైచిలుకు కుదుళ్ళు. ఎకరాన్ని పదిమంది ఊడిస్తే తలకు పదమూడు వేల సార్లు నడుం వంచిన మనిషి వేళ్ళు బురదను తాకుతాయి. ఆమె ఊడ్చిన చేలో పక్షం తిరక్కుండా పచ్చదనం కమ్ముకునేది. చదువుకున్న నా స్నేహితులు దాన్ని ఎరువు మహిమ అనేవాళ్ళు, నేను పోట్లాడేవాణ్ణి.

ఊడ్పులకు ఆశ్లేష కార్తె దాటకూడదంటారు పెద్దవాళ్ళు, అంటే ఆగస్టు మొదటి పక్షం. కాలవ నీళ్ళు ఆలస్యమైతే ఆకు ముదిరిపోతుంది. అప్పుడు కుదురుకు నాలుగైదు మొక్కలు పెట్టి, దగ్గర దగ్గరగా ఊడ్చి సర్దుకోవాలి. ముదురు ఆకును కూడా కడుపున పెట్టుకునే రకం మా స్వర్ణ. ఇక్కడ నా పక్షపాతం దాచుకోను. మార్టేరు పరిశోధన కేంద్రం 1925 నాటిది, స్వర్ణ అక్కడి నుంచి 1982లో వచ్చింది. బాపట్ల వాళ్ళు 1986లో తెచ్చిన సాంబమసూరిని పట్నం వాళ్ళు ముద్దు చేస్తారు. తినండి, సన్నగా బాగుంటుంది. కానీ నారు ముదిరిన ఏడు, ఎరువుకు డబ్బు లేని ఏడు గట్టు మీద కూర్చుని మొక్కిన రైతును అడగండి, ఎవరిని తలుచుకున్నాడో చెబుతాడు.

ఇప్పుడు జరుగుతున్నదేమిటి? గుత్త ఊడ్పులు. ఎకరానికి ఇంత అని మాట్లాడుకుని, ఎంత త్వరగా ముగిస్తే అంత లాభమని దూకుతున్నారు. చదరపు మీటరుకు ఇరవై కుదుళ్ళు లేవు. గట్టు పక్కన మాత్రం వత్తుగా పెడతారు, రైతు చూసేది అక్కడే కనక. మడి మధ్యలోకి వెళితే నేను కాళ్ళు చాపుకుని కూర్చునేంత ఖాళీ. సుడిదోమ రాకుండా రెండు మీటర్లకోసారి 20 సెంటీమీటర్ల కాలిబాట తూర్పు పడమరలుగా వదలమని అధికారులు మొత్తుకుంటారు. పొలమంతా బాటలుగా వదిలి, ఇదే శాస్త్రమని నాతో వాదించిన మేస్త్రిని నేనెరుగుదును. ఆకు కొసలు తుంచి నాటమంటారు, ఆ కొసల్లోనే పురుగు గుడ్లుంటాయి కాబట్టి. గుత్త పనిలో కొస తుంచే తీరికెవరికి?

యంత్రం మీద నాకు కోపం లేదు. చాపనారు పెంచి సరిగా నడిపితే నాటుయంత్రం మొక్కను పైపైన, నిలువుగా పెడుతుంది, కొక్కెం వేయదు. శ్రీ పద్ధతిలో 8 నుంచి 12 రోజుల లేతనారును మట్టితో సహా ఎత్తి, పాతిక సెంటీమీటర్ల దూరంలో ఒక్కొక్కటిగా పెట్టమంటారు. మడగాస్కర్‌లో పుట్టిన ఆ పద్ధతి 2003లో మన రాష్ట్రంలోకి వస్తే అంత లేత మొక్క బతకదని నవ్వినవాళ్ళలో నేనూ ఉన్నాను. బతికింది. అందులోనూ గెలిచింది వేరును నొప్పించని చేయే. నా కోపం అసలు ఊడ్పే వద్దని గింజ వెదజల్లేసి, కలుపు మందు మీద కలుపు మందు కొట్టి, కేళీలు, అంటే వేరే రకం వరి మొక్కలు, పొలమంతా తలలెత్తాక విత్తనాన్ని తిట్టేవాళ్ళ మీద.

మరో కోపం కూడా ఉంది. పండగ వేదికల మీద ఒకే రంగు చీరలు కట్టిన అమ్మాయిలు ప్లాస్టిక్ నారు పట్టుకుని ముందుకు నడుస్తూ ఊడుస్తారు. ముందుకు! ఊడ్చిన మొక్కల్ని తామే తొక్కుకుంటూ! పెళ్ళికి ముందు ఫొటోల కోసం పొలంలో దిగిన జంట చేతిలో కట్టను తలకిందులుగా పట్టుకున్న చిత్రం ఒకటి నా ఫోన్‌లో ఉంది, చూసినప్పుడల్లా రక్తం మరుగుతుంది.

అయితే ఊడ్పు తగ్గిపోతోందని కన్నీళ్ళు కార్చే ముందు ఒక మాట ఒప్పుకోవాలి. ఆ పని నడుం విరిచేస్తుంది. వేళ్ళ సందులు పాసిపోతాయి. ఆకుతీసే మగవాడికి ఎక్కువ, ఊడ్చే ఆడమనిషికి తక్కువ కూలి ఇచ్చి ఏళ్ళ తరబడి మనం నోరు మూసుకున్నాం. మేస్త్రమ్మ కూతురు పట్నంలో బట్టల కొట్లో నిలబడుతోంది. ఆమెను వెనక్కి రమ్మనే హక్కు నాకు లేదు.

ఇప్పుడు మా ఊళ్ళో ఊడ్పులకు పశ్చిమ బెంగాల్ నుంచి ముఠాలు వస్తున్నాయి. స్వర్ణ ఎప్పుడో బెంగాల్ వెళ్ళి అక్కడి పొలాల్లో స్థిరపడింది, ఇప్పుడు ఆ పొలాల మనుషులు ఇక్కడికి వచ్చారు. మొదటిరోజు సందేహంగా వెళ్ళాను. ఒక కుర్రాడు కట్ట కడుతున్నాడు, గడ్డిపోచ ఒక చుట్టు, ఒక మెలిక. అందుకుని బొటనవేలితో తాకాను. విడిపోయింది. భాష రాదు కాబట్టి భుజం తట్టాను.

రైతు సోదరులకు నా మనవి ఇది. గుత్త మాట్లాడుకునేటప్పుడే చదరపు మీటరుకు 33 కుదుళ్ళని మాట తీసుకోండి, మాట నిలబెట్టిన ముఠాకు పైన కొంత ఇవ్వండి, ఆడవాళ్ళకూ మగవాళ్ళకూ ఒకే కూలి ఇవ్వండి. ఊడ్చిన మూడో రోజున మడి మధ్యలోకి నడిచి ఒక కుదురు పీకి వేరు చూడండి. విశ్వవిద్యాలయాల వారికో మాట: రైతు మేళాల్లో విత్తన కంపెనీల వాళ్ళకు శాలువాలు కప్పుతున్నారు కదా, ఒక ఏడు ఊడ్చే ఆమెను పిలిచి ఆమె ఎడమచేతిని వీడియో తీయించండి.

దాళ్వా విత్తనం డిసెంబరులో నానబోస్తారు. మండె విప్పే రోజున ఇంట్లో పిల్లలుంటే, వాళ్ళ చేయి పట్టుకుని ఒకసారి బస్తాలో పెట్టించండి. అరచేయి కాదు, వెనకవైపు.