మూడు స్వరాల బరువు

వాన కురుస్తుంటుంది. దూరంగా ఉరుము. ఎక్కడో చర్చి గంట తీరిగ్గా మోగుతుంటుంది. అరనిమిషం పైగా వినిపించేది ఇంతే. ఆ తర్వాత గిటార్, బేస్, డ్రమ్స్ మూడూ ఒక్కసారిగా మీద పడతాయి. బ్లాక్ సబ్బాత్ మొదటి ఆల్బమ్‌లో మొదటి పాట ఇలా మొదలవుతుంది. పాటకూ ఆల్బమ్‌కూ బ్యాండ్‌కూ ఒకటే పేరు. 1970 ఫిబ్రవరి 13, శుక్రవారం నాడు ఇంగ్లండ్‌లో ఈ రికార్డు విడుదలైంది. హెవీ మెటల్ ఎక్కడ పుట్టిందని అడిగితే ఎక్కువమంది దీన్నే చూపిస్తారు. నేనూ దీన్నే చూపిస్తాను. అయితే ఆ ఘనత 38 నిమిషాల ఆల్బమ్ మొత్తానికీ చెందదు. ఇందులో దాదాపు సగం అంతకుముందు ఎవరూ వినని సంగీతం. మిగతాది ఆ రోజుల్లో ఇంగ్లండ్ క్లబ్బుల్లో చాలామంది వాయిస్తున్న బ్లూస్. ఈ రెండూ ఒకే రోజు, ఒకే గదిలో, బ్యాండ్‌లోని నలుగురి చేతుల మీదుగానే వచ్చాయి. అందుకే ఈ ఆల్బమ్‌ను బాగోగులు విడదీసి వినడం నాకు ఎప్పటికీ తీరని ఆసక్తి.

మొదటి పాటలో ఎక్కువ భాగం మూడు స్వరాల మీదే నడుస్తుంది. ఇలా తిరిగి తిరిగి వచ్చే చిన్న గిటార్ వరసను రాక్‌లో రిఫ్ అంటారు. కర్ణాటక సంగీతం కాస్త తెలిసినవాళ్ళకు ఈ రిఫ్‌ను చెప్పడం తేలిక. గిటారిస్టు టోనీ ఐయోమీ మొదట మీటే స్వరాన్ని షడ్జం అనుకోండి. రెండోది దాని పైస్థాయి షడ్జం. మూడోది ప్రతి మధ్యమం. అంతే. షడ్జానికీ ప్రతి మధ్యమానికీ మధ్య ఉన్న ఈ దూరానికి పాశ్చాత్య సంగీతంలో చెడ్డపేరుంది. దయ్యపు స్వరమని, మధ్యయుగాల్లో చర్చి దీన్ని నిషేధించిందని తరచు రాస్తుంటారు. నిషేధానికి ఆధారం లేదు. పాడేవాళ్ళకు పట్టుకోవడం కష్టమని, బృందగానంలో పొసగదని సంగీతం నేర్పేవాళ్ళు దీన్ని తప్పించమనేవారు. దయ్యం పేరు తర్వాతి శతాబ్దాల్లో అంటుకుంది.

మనకు ఆ భయం ఏనాడూ లేదు. 72 మేళకర్తల్లో సరిగ్గా 36 ప్రతి మధ్యమ రాగాలు. కల్యాణిలో ఆ స్వరం నిండుగా, శుభంగా పలుకుతుంది. శుభపంతువరాళిలో అదే స్వరం ఏడుపు గొంతులో వస్తుంది. అంటే భయం స్వరంలో లేదు. ఐయోమీ దాన్ని ఎక్కడ పెట్టాడు, ఎంతసేపు ఆపాడు, చుట్టూ ఏమేం తీసేశాడు అన్నదాంట్లో ఉంది. రిషభం, గాంధారం లాంటి మెట్లు లేకుండా పై షడ్జం నుంచి నేరుగా ప్రతి మధ్యమం మీదికి దిగుతాడు. దిగి, దాన్ని పంచమంతో కలిపి వేగంగా కంపింపజేస్తాడు. కల్యాణి పాడేవాళ్ళు కూడా ఆ మధ్యమాన్ని పంచమం వైపు ఊపుతారు గానీ, చివరికి పంచమంలోనో షడ్జంలోనో విశ్రాంతి ఇస్తారు. ఇక్కడ ఆ విశ్రాంతి రాదు. పంచమాన్ని తాకుతూనే వెనక్కి జారి, అక్కడే వణికి, మళ్ళీ మంద్ర షడ్జం దగ్గర మొదలవుతుంది. పాట నిడివి ఆరు నిమిషాల పైన. అందులో నాలుగున్నర నిమిషాలు చెవి ఎదురుచూసే ముగింపును ఇవ్వకుండా నిలబెట్టడమే ఈ పాట సాధించింది. ఈ వరసకు విత్తనం ఒక సింఫనీ ఆర్కెస్ట్రా రచనలో ఉంది. బేసిస్టు గీజర్ బట్లర్ అప్పట్లో గుస్తావ్ హోల్స్ట్ రాసిన 'ద ప్లానెట్స్'లోని అంగారకుడి భాగాన్ని బేస్ మీద వాయిస్తుండేవాడు. అది ఐయోమీ చెవిలో ఉండిపోయింది.

రెండో సంగతి గిటార్ మోత. యాంప్లిఫయర్‌కు అది మోయగలిగినదానికన్నా ఎక్కువ సిగ్నల్ పంపితే ధ్వని తరంగం కొనలు తెగిపోతాయి. దాంతో మీటిన స్వరానికి తోడు మీటని స్వరాలెన్నో పైన పుట్టుకొస్తాయి. దీన్నే డిస్టార్షన్ అంటారు. ఇలాంటి గిటార్ మీద మూడు నాలుగు స్వరాలు కలిపి మోగించే కార్డు పట్టుకుంటే పుట్టుకొచ్చిన స్వరాలన్నీ ఒకదానితో ఒకటి పోట్లాడి గోలగా మారతాయి. షడ్జ పంచమాలు రెండే పట్టుకుంటే అవి ఒకదానిలో ఒకటి కలిసిపోయి, ధ్వని చిక్కగా, ఒక్క ముద్దలా నిలుస్తుంది. దీనికి పవర్ కార్డ్ అని పేరు. తంబురా మీద రోజూ వినే జంట స్వరాలే ఇవి. గాంధారం లేదు కాబట్టి ఇది సంతోషమో విషాదమో చెప్పదు. బరువు మాత్రమే ఉంటుంది. ఐయోమీకి ముందు కూడా పవర్ కార్డులు వాయించినవాళ్ళున్నారు. వాటిని ఇంత నిదానంగా, మధ్యలో ఇంత ఖాళీ వదిలి వాయించినవాళ్ళు అరుదు.

ఆ నిదానం వెనక ఒక గాయం ఉంది. బర్మింగ్‌హామ్ నగరంలో ఆస్టన్ అనే కార్మికుల పేటలో ఈ నలుగురూ పెరిగారు. ఐయోమీ పదిహేడేళ్ళ వయసులో రేకుల ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. సంగీతం కోసం ఆ పని మానేస్తున్న చివరి రోజున, అలవాటు లేని యంత్రం మీద నిలబడితే కుడిచేతి మధ్యవేలు, ఉంగరపు వేలు కొసలు తెగిపోయాయి. అతనిది ఎడమచేతి వాటం. అంటే పోయినవి తీగల్ని నొక్కే వేళ్ళు. ఇక గిటార్ లేదనుకుని కుమిలిపోతున్నవాడికి ఫ్యాక్టరీ ఫోర్‌మన్ జాంగో రైన్‌హార్ట్ రికార్డు వినిపించాడు. అగ్నిప్రమాదంలో రెండు వేళ్ళు పడిపోయాక కూడా యూరప్ జాజ్‌లో మేటి అనిపించుకున్న గిటారిస్టు ఆయన. ఐయోమీ ఒక ప్లాస్టిక్ సీసాను కరిగించి వేళ్ళకు తొడుగులు చేసుకున్నాడు, వాటి మీద తోలు అంటించాడు. తోలు కింద తీగ స్పర్శ తెలియదు. గట్టి తీగలు నొక్కితే నొప్పి. అప్పట్లో గిటార్‌కు సన్నతీగల సెట్లు దొరకక బ్యాంజో తీగలు వాడుకున్నాడు. ఎక్కువ వేళ్ళు కావలసిన కార్డులు వదిలేసి పవర్ కార్డుల మీదికి వచ్చాడు. సన్నని తీగ సులువుగా వంగుతుంది కాబట్టి స్వరాన్ని లాగడం, ఊపడం అతని చేతికి అలవాటైంది. వేళ్ళు బాగున్న గిటారిస్టులు వేగంతో పోటీ పడుతున్న కాలంలో ఇతను ఒక్కొక్క స్వరం నుంచి ఎంత రాబట్టగలనో చూశాడు. ఇక్కడొక పొరపాటు మాట కూడా దిద్దాలి. తీగల్ని కిందికి శ్రుతి చేయడం వల్లే ఈ ఆల్బమ్‌కు ఆ బరువు వచ్చిందని చాలామంది అంటారు. శ్రుతి దించి వాయించడం 1971లో వచ్చిన మూడో ఆల్బమ్ 'మాస్టర్ ఆఫ్ రియాలిటీ' సంగతి. ఈ మొదటి రికార్డు మామూలు శ్రుతిలోనే ఉంది.

గిటార్‌నే ఇంతసేపు చెప్పాను గానీ, ఆ గిటార్ నిలబడింది మిగతా ఇద్దరి మీద. బట్లర్ మొదట్లో గిటారిస్టు. బేస్‌కు మారాక కూడా ఆ చెయ్యి మారలేదు. ఐయోమీ రిఫ్‌ను ఒక స్థాయి కింద అచ్చంగా వెంబడిస్తాడు, ఉన్నట్టుండి పక్కకు జరిగి తనదైన వరస అల్లుతాడు. 'ఎన్.ఐ.బి.' ముందు అతనొక్కడే వాయించిన భాగం వినండి. వావా పెడల్ మీద బేస్ మాట్లాడినట్టుంటుంది. డ్రమ్మర్ బిల్ వార్డ్‌కు జీన్ క్రూపా లాంటి జాజ్ డ్రమ్మర్లంటే ప్రాణం. అతను తాళం వేస్తూ కూర్చోడు, ప్రతి స్వరానికీ జవాబిస్తాడు. మొదటి పాటలో గిటార్ ఊరుకున్న చోటల్లా అతని డ్రమ్ములు దొర్లుతూ వస్తాయి. తర్వాతి తరం మెటల్ డ్రమ్మర్లు యంత్రంలా కచ్చితంగా వాయించడం నేర్చుకున్నారు గానీ, వార్డ్ చేతిలో ఉన్న ఈ ఊగు చాలామందికి అందలేదు. నాకైతే ఈ ఆల్బమ్‌లో గిటార్ కన్నా డ్రమ్సే ఇంకా కొత్తగా అనిపిస్తాయి.

రికార్డింగ్ కథ పొట్టిది. 1969 అక్టోబరు 16న లండన్‌లోని రీజెంట్ సౌండ్ స్టూడియోలో, నిర్మాత రాడ్జర్ బెయిన్ ఆధ్వర్యంలో, సుమారు పన్నెండు గంటల్లో పాటలన్నీ అయిపోయాయి. నాలుగు ట్రాకుల యంత్రం. క్లబ్బులో వాయించినట్టే అందరూ కలిసి వాయిస్తుంటే, గాయకుడు ఆజీ ఆస్‌బోర్న్ పక్కన చిన్న గదిలోంచి పాడాడు. వాన, ఉరుము, గంట తర్వాత కలిపినవి. మంచిచెడ్డలు రెండూ ఈ తొందరలోంచే వచ్చాయి. నలుగురు మనుషులు ఒకే గాలి పీలుస్తూ వాయించిన చురుకు ప్రతి పాటలోనూ ఉంది. ఆగి ఆలోచించి, ఇది అక్కర్లేదు తీసేద్దాం అనుకునే వ్యవధి మాత్రం లేదు.

రికార్డు మొదటి వైపు పాటల్లో ఆ లోటు పెద్దగా కనిపించదు. 'ద విజర్డ్' ఆజీ మౌతార్గాన్‌తో మొదలై, గిటార్ దానికి బదులిస్తూ నడుస్తుంది. బ్లూస్‌లో పుట్టిన ఉపాయమే, కానీ ఆ మోతలో పడి కొత్త రూపం తెచ్చుకుంది. 'ఎన్.ఐ.బి.' రిఫ్ ఒకసారి వింటే మరుపు రాదు. సాతాను ప్రేమలో పడి, తన ప్రేమను తానే చెప్పుకుంటున్నట్టు రాసిన పాట అది. 2025 జులై 5న ఆస్టన్‌లోనే ఉన్న విల్లా పార్క్ మైదానంలో ఈ నలుగురూ చివరిసారి కలిసి వాయించిన నాలుగు పాటల్లో అదొకటి. ఆ నెల 22న ఆజీ కన్నుమూశాడు.

రెండో వైపు తిప్పితే ఆల్బమ్ తడబడుతుంది. 'ఈవిల్ వుమన్' అమెరికన్ బ్యాండ్ క్రో పాట. దాన్ని సింగిల్‌గా ముందే విడుదల చేశారు. అసలు పాటలో ఉన్న బాకాల సందడి ఇక్కడ లేదు, దాని బదులు సబ్బాత్ బరువూ రాలేదు. ఎవరు పాడినా ఇలాగే ఉండేది. 'స్లీపింగ్ విలేజ్' ఆరంభం మెత్తని గిటార్‌తో ఎంతో ఆశ పెట్టి, కాసేపటికే వేరే దారి పట్టి పోతుంది. ఇక 'వార్నింగ్'. ఇదీ అరువు పాటే, ఏన్స్‌లీ డన్‌బార్ రిటాలియేషన్ వాళ్ళది. సబ్బాత్ చేతిలో పది నిమిషాలు దాటింది. మధ్యలో ఐయోమీ ఒక్కడే చాలాసేపు వాయిస్తాడు. మంచి వాయిద్యమే, విడివిడిగా మెచ్చుకోదగ్గ తునకలున్నాయి. కానీ ఒకదాని నుంచి ఇంకొకదానికి ఎందుకు వెళ్ళాడో చెవికి తెలియదు. మొదటి పాటలో మూడు స్వరాలతో అంత పని చేయించినవాడు ఇక్కడ వందల స్వరాలు ఖర్చుపెట్టాడు. స్టూడియోలో ఇంకా ఎక్కువసేపు వాయిస్తే, కత్తిరించగా మిగిలింది ఇది.

సాహిత్యం కూడా పచ్చిగానే ఉంది. ఎక్కువగా రాసింది బట్లర్. క్యాథలిక్ ఇంట్లో పెరిగి, మంత్రతంత్రాల పుస్తకాలు, లవ్‌క్రాఫ్ట్ భయానక కథలు చదివిన కుర్రాడు. చిత్రాలు బలంగా పడతాయి గానీ కథ ముందుకు సాగదు. ఆ లోటును పూడ్చింది ఆజీ గొంతు. అతనిది శిక్షణ ఉన్న గొంతు కాదు, స్థాయిలూ ఎక్కువ లేవు. మొదటి పాటలో వాయిద్యాలు తగ్గి అతని గొంతు ఒంటరిగా మిగిలిన చోట వినిపించేది నిజంగా హడలిపోయిన మనిషి మొర. చాలామంది ఈ బ్యాండ్‌కు సైతాను పూజారులని పేరు పెట్టారు. ఆల్బమ్ అట్ట లోపల, బ్యాండ్‌ను అడక్కుండా రికార్డు కంపెనీ అచ్చువేసిన తలకిందుల శిలువ ఆ పేరును ఇంకా ముదిరించింది. పాట విన్నవాళ్ళకు తెలుస్తుంది, అందులో ఉన్నది దేవుణ్ణి సాయం కోరుతున్న భయస్థుడు.

అమ్మకాలు బాగానే సాగాయి. బ్రిటన్‌లో 8వ స్థానం, అమెరికాలో 23వ స్థానం దాకా వెళ్ళింది. విమర్శకులు మాత్రం తీసిపారేశారు. రోలింగ్ స్టోన్ పత్రికలో లెస్టర్ బ్యాంగ్స్ దీన్ని బ్లూస్ రాక్ వాయించే క్రీమ్ బ్యాండ్‌కు నాసిరకం నకలుగా చూశాడు. ఆ సమీక్షను చాలామంది ఇవాళ చెవిటితనానికి ఉదాహరణగా చూపిస్తారు. అది సరైన తీర్పని నేనూ అనను. కానీ 'వార్నింగ్' వింటూ క్రీమ్ గుర్తుకు రాలేదంటే అది అబద్ధమే. బ్యాంగ్స్‌కు రెండో వైపు సరిగ్గానే వినిపించింది. మొదటి పాట మీద అలాగే చెవి నిలపలేదు. అప్పటికి దాన్ని కొలిచే కొలబద్ద ఎవరి దగ్గరా లేదు మరి.

కొత్తగా వినబోయేవాళ్ళు అమెరికాలో వచ్చిన ప్రతి వెతుక్కుంటే మంచిది. అందులో 'ఈవిల్ వుమన్' తీసేసి 'వికెడ్ వరల్డ్' పెట్టారు. ఇది బ్యాండ్ సొంత పాట. వార్డ్ జాజ్ నడక దీని ఆరంభంలో పట్టపగలులా కనిపిస్తుంది. యుద్ధాల్ని, పేదరికాన్ని నేరుగా తలుచుకునే సాహిత్యం బట్లర్ కలానికి దయ్యాల కన్నా బాగా కుదిరింది. ఆ దారి ఎటు పోతుందో తేలడానికి ఎక్కువ కాలం పట్టలేదు. ఏడు నెలల తర్వాత, 1970 సెప్టెంబరులో వచ్చిన రెండో ఆల్బమ్ 'పారనాయిడ్'లో అరువు పాట ఒక్కటీ లేదు. దాని మొదటి పాట 'వార్ పిగ్స్' ఎనిమిది నిమిషాలకు దగ్గరగా ఉంటుంది. 'వార్నింగ్' పక్కన పెట్టి వింటే, దేని తర్వాత ఏది రావాలో ఆ నలుగురికీ ఆపాటికే తెలిసిపోయిందని అర్థమవుతుంది.